దిగం సెంటు

ఆ రోజుల్లో నాకు కాగితాల మీద గొప్ప నమ్మకం ఉండేది. (ఆ రోజులంటే మరీ పాత రోజులని భ్రమపడకండి, ఏడెనిమిదేళ్ళ కిందటి మాటే. అప్పటికే మా చెల్లి రోజంతా సెల్‌ఫోనులో తల దూర్చి ఉండేది.) దేని మీదైనా ఒక సంతకం, దాని కింద గుండ్రటి ముద్ర కనిపిస్తే చాలు, ఇక ఆ సంగతి తేలిపోయినట్టే అనుకునేదాన్ని. నా బీయస్సీ పట్టా మీద ముద్ర ఉంది కాబట్టి నేను కెమిస్టును. మా నాన్న ఇకమీదట మురుగు గోతుల్లోకి దిగనక్కర్లేదని కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం మీద కూడా ముద్ర ఉంది కాబట్టి మా బస్తీకి మంచిరోజులు వచ్చేశాయి. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ రెండు నమ్మకాలతో, టాటానగర్ స్టేషను వెనకున్న మా బస్తీలోంచి రోజూ పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, గమ్హరియాలో ఫినాయిలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాకు ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది అప్పట్లో నేను తయారుచేసిన ఒక సెంటు గురించి. నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వుతూ చెప్పాలనే కూర్చున్నాను. మధ్యలో ఎక్కడైనా గొంతు మారితే పట్టించుకోకండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి చీపురు పట్టుకునే పనికి వచ్చాడు. మా నాన్న చేతికి చీపురు బదులు తాడూ బకెట్టూ వచ్చాయి. ఒక పెద్ద కాలనీలో మురుగు పైపుల పని చూసే కాంట్రాక్టరు దగ్గర ఆయన పని. పైపు ఎక్కడ పూడిపోతే అక్కడ ఇనప మూత ఎత్తి లోపలికి దిగాలి. అమ్మ ఒక నర్సింగ్ హోములో ఆయా. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు వాసన గురించి ఎవరూ ప్రత్యేకంగా పాఠాలు చెప్పనక్కర్లేదు. బడిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని (పరీక్షలప్పుడు అది బాగానే ఉండేది, కాళ్ళు చాపుకోవచ్చు). నాన్న రెండు పూటలా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళినా, స్టేషను బయట టీ కొట్టువాడు గ్లాసు ఆయన చేతికివ్వకుండా బల్ల చివర పెట్టేవాడు. దుకాణంలో మేం అడుగు పెడితే అక్కడున్న ఆడవాళ్ళు కొంగు ముక్కు దాకా తెచ్చుకునేవారు. మాకు ఏ వాసనా రాదని ఎవరికి రుజువు చూపిస్తాం? వాసన రావడం కనిపెట్టవచ్చు గాని, రాకపోవడాన్ని ఎవరూ కనిపెట్టరు.

నేను కాలేజీ చివరి ఏడాదిలో ఉండగా మా వీధి చివరింటాయన, నేను చిన్నాన్నా అని పిలిచే మనిషి, ఒక మధ్యాహ్నం అన్నం తిని వెళ్ళి గోతిలో దిగాడు. మళ్ళీ ప్రాణంతో పైకి రాలేదు. మనిషిని మురుగులోకి దింపకూడదని దేశమంతటికీ చట్టం ఉందన్న సంగతి మా బస్తీకి అప్పుడే తెలిసింది. ఆ చట్టం అంతకు చాలా ముందే ఢిల్లీలో పుట్టి పెరిగి పెద్దదయిందట గాని, మా వీధికి రావడానికి దానికి దారి తెలియలేదు. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాడు మా అమ్మ తమ్ముడు. బస్తీ అంతా ఆయన్ని లీడరు అంటుంది, నేను లీడరు మావయ్య అంటాను. ఆయన మగవాళ్ళందర్నీ కూడగట్టి పని ఆపించాడు. కాంట్రాక్టరు బెదిరించినా, బతిమాలినా, వేరే బస్తీ నుంచి మనుషుల్ని తెస్తానన్నా మావయ్య చెప్పిన జవాబు ఒక్కటే మాట, అదీ తెలుగులోనే: "దిగం." రెండు వారాలు తిరక్కుండానే కాలనీ వీధుల్లో మురుగు పొంగి, పెద్ద పెద్ద క్వార్టర్ల వాళ్ళంతా ముక్కులు మూసుకునే పరిస్థితి వచ్చింది. (అమ్మ నర్సింగ్ హోము నుంచి వస్తూ రోజూ ఆ వీధుల మీదుగా చుట్టు తిరిగి నడిచొచ్చేది. ఎందుకని అడిగితే ఊరికే అనేది.) చివరికి కాంట్రాక్టరు దిగొచ్చి, ఇకపై మనుషుల్ని దింపననీ, పని యంత్రంతోనే చేయిస్తాననీ రాసిచ్చాడు. మురుగు పీల్చే లారీ ఒకటి బంతిపూల దండ వేసుకుని వచ్చింది. ఆడవాళ్ళు దానికి హారతి ఇచ్చారు. మా బస్తీకి అదే స్వాతంత్ర్యం వచ్చిన రోజు.

ఆ రోజుకు ఏడాది నిండుతుందనగా మావయ్య మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. పండగ చెయ్యాలన్నాడు. జెండాలూ ఉపన్యాసాలూ అందరూ పెట్టుకునేవే, మనం ఇంకోటి చేద్దామన్నాడు. నేను టీ గ్లాసు అందిస్తుంటే నా మొహంలోకి చూశాడు.

"కోడలా, నువ్వు సదివింది వాసనల సదువే గదా. మన పేరు మీద ఓ సెంటు సెయ్యి. మనల్ని సూసి ముక్కు మూసుకున్నోళ్ళ సేతిలో మనమే సీసా పెడదాం."

నా చదువులో వాసనల భాగం ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలినప్పుడు వచ్చే వాసన వరకే అని ఆయనకు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అంతవరకూ నన్ను ఎవరూ ఏదీ కనిపెట్టమని అడగలేదు. కార్ఖానాలో నేను కెమిస్టునని పేరే గాని, చేసే పని డ్రమ్ముల్లో ఫినాయిలు కలిపి, డబ్బాల మీద లేబుళ్ళు అంటించడం. యజమాని సేఠ్‌జీ నాకొక తెల్లకోటూ, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళా ఇచ్చి 'కెమిస్ట్ బేటీ' అని పిలిచేవాడు. ఆ పిలుపుకే నేను పొంగిపోయి ఇంకో నాలుగు డ్రమ్ములు ఎక్కువ కలిపేదాన్ని. సెంటు సంగతి చెబితే ఆ ముసలాయన మంచి మనసుతో, డబ్బాల అడుగున మిగిలిపోయిన సుగంధ తైలాలన్నీ వాడుకోమన్నాడు. ఈ వ్యాపారంలో గులాబీ, నిమ్మ, మొగలి అని మూడే ఉంటాయనీ, తక్కినదంతా లేబులేననీ ఒక ముక్కలో తన అనుభవాన్ని కూడా ధారపోశాడు.

సంగతి తెలిసి బస్తీలో ఇంటికొక సలహా పుట్టింది. పక్కింటి మామ్మ సోంపేట వైపు మనిషి, ఆమెకు మొగలిపువ్వు వాసన లేకపోతే అది సెంటే కాదు. ఎదురింటావిడ ఇస్త్రీ చేసిన బట్టల వాసన రావాలంది, ఆఫీసర్ల దగ్గర అదే వస్తుందట. మా చెల్లి తల ఎత్తకుండానే హిందీలో, పెద్ద షాపింగ్ మాల్ తలుపు తీయగానే వచ్చే చల్లటి వాసన కావాలంది. మావయ్యకు మాత్రం "గట్టిగా" ఉండాలి. గట్టిగా అంటే ఏమిటని అడిగితే, స్టేషనులో పూసుకుంటే నది అవతల ఆదిత్యపూర్‌లో తెలియాలన్నాడు. నాన్నను అడిగాను. "నాకేటి తెలుసునమ్మా, నీకెలా తోత్తే అలా సెయ్యి" అన్నాడు. అదీ ఆయన పద్ధతి. మా నాన్న దేన్నీ మెచ్చుకోడు, దేన్నీ తిట్టడు. అమ్మ చేసిన కూర మాడినా, ఉప్పెక్కువైనా, అమృతంలా కుదిరినా ఒకేలా తలొంచుకుని తినేసి లేచిపోతాడు. అలాంటి మనిషిని నేను నా సెంటుకు పరీక్షాధికారిగా పెట్టుకున్నాను. మెచ్చుకోలు తెలియని మనిషి మెచ్చుకుంటే దానికి విలువ ఎక్కువని నా లెక్క. పైగా నా ముక్కు నాకు పనికి రాకుండా పోయింది. పొద్దుటి నుంచీ ఫినాయిలు డ్రమ్ముల మధ్య ఉండి ఇంటికొస్తే గులాబీకీ గుమ్మడికాయకీ తేడా తెలిసేది కాదు.

రోజూ సాయంత్రం ఒక చిన్న సీసాతో వచ్చి నాన్న మణికట్టు మీద ఒక చుక్క వేసేదాన్ని. ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపలికి గట్టిగా పీల్చి, "బాగున్నాదమ్మా" అనేవాడు. నేను నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మొదటి రకం, గులాబీ ఎక్కువ. నాన్న: బాగుంది. రెండో రకం, మొగలి ఎక్కువ. నాన్న: బాగుంది. మూడోది నిమ్మ విరిగిపోయి పుల్లటి కంపు కొట్టిందని చెల్లి బయటికి పరుగెత్తింది. నాన్న: బాగుంది. ఇంతగా మెచ్చుకోవడం ఆయన జన్మలో ఎరగనిది కాబట్టి నాలో ఏదో విద్య ఉందని నాకు అనుమానం మొదలై, నాలుగు రోజుల్లో అది నమ్మకమై కూర్చుంది. ఐదో రకంలో మావయ్య అడిగిన గట్టితనం కోసం ఫినాయిలులో వాడే పైన్ ఆయిల్ కొద్దిగా, కర్పూరం కొద్దిగా కలిపాను. నాన్న పీల్చాడు. ఆయన మొహం మారింది. మళ్ళీ పీల్చాడు.

"ఇది తెలత్తన్నాదమ్మా," అన్నాడు. "ఇదే సెయ్యి."

ఒక కవిని నిండు సభలో శాలువా కప్పి కూర్చోబెట్టినా అంత గర్వం కలగదు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఇదే దారి అని. మర్నాటి నుంచి పైన్ ఆయిల్ పెంచుకుంటూ పోయాను, పెంచిన కొద్దీ నాన్న మొహం విప్పారుతూ పోయింది. చెల్లి మాత్రం ఒకరోజు ఫోను పక్కన పెట్టి మరీ, "దీదీ, బాత్‌రూమ్ జైసా లగ్ రహా హై" అంది, బాత్రూములా ఉందని. మా చెల్లికి నా ఎదుగుదల చూస్తే కడుపుమంట అనుకున్నాను. అమ్మ తలనొప్పిగా ఉందని చెప్పి కొంగుతో నుదురు కట్టుకుని పడుకుంది. (ఆ నెలంతా అమ్మకు తలనొప్పే. నేను మాత్రలు కొనిచ్చాను గాని కారణం కోసం వెతకలేదు.)

పేరు మావయ్యే పెట్టాడు. ఇంకేముంటుంది, దిగం. నీలం రంగు లేబులు మీద తెలుగులోనూ హిందీలోనూ వేయించడానికి ప్రెస్సుకు వెళ్ళాను. ప్రెస్సాయన ఆ మాట రెండుసార్లు చదువుకుని, ఇది దిగంబర స్వాముల వారి ఆశ్రమం కోసమా అని భక్తిగా అడిగాడు. కాదు, మేము గోతిలోకి దిగము అని అర్థం అని నేను హిందీలో వివరించాను. ఆయన తన టీ గ్లాసును నాకు దూరంగా కొంచెం పక్కకు జరిపి, లేబుళ్ళు ఎల్లుండి ఇస్తానన్నాడు.

పండగ రోజు పొద్దున్న బస్తీ మైదానంలో షామియానా వేశారు. ఎప్పుడూ మా వైపు తొంగిచూడని వాళ్ళంతా వచ్చారు. కాలనీ తరఫున ఒక పెద్ద అధికారి వచ్చాడు, కాంట్రాక్టరు వచ్చాడు, అతని దగ్గర లెక్కలు రాసే మున్షీ వచ్చాడు, నర్సింగ్ హోము డాక్టరమ్మ వచ్చింది, మావయ్య స్వయంగా పిలిచినందుకు టీ కొట్టువాడు కూడా వచ్చాడు. పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లినట్టు లోపలికి వచ్చే ప్రతి ఒక్కరి మీదా దిగం చల్లి, చేతిలో ఒక సీసా పెట్టాలని మావయ్య ఏర్పాటు. అద్దెకు తెచ్చిన వెండిరంగు పన్నీరు బుడ్లు పట్టుకుని మా వీధి ఆడపిల్లలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్నాను. నాన్న మొదటి వరసలో. బుడ్లు పట్టుకున్న పిల్లలందర్నీ తన మీద చల్లమని అడిగి చల్లించుకున్నట్టున్నాడు, చొక్కా భుజాల దగ్గర తడిసిపోయి ఉంది.

మొదటి పావుగంటా బాగానే జరిగింది, గాలి ఉంది. తర్వాత ఎండ ముదిరి, షామియానా కింద గాలి నిలిచిపోయి, అన్ని చొక్కాల మీదా అన్ని చీరల మీదా చల్లిన దిగం ఒక్కసారిగా పైకి లేచింది. మూడు రోజుల నుంచి పండగ పనుల్లో పడి నేను కార్ఖానాకు వెళ్ళలేదు. నా ముక్కు ఆ పొద్దున్న నెల తర్వాత మొదటిసారి పనిచేసింది. అప్పుడు తెలిసింది నాకు. గులాబీ లేదు, మొగలి లేదు. రైలు పెట్టె చివర, అప్పుడే కడిగి తలుపు తీసిన మరుగుదొడ్డి వాసన. ఆసుపత్రి వరండా చివర, బకెట్టూ గుడ్డా పెట్టుకుని మా అమ్మ మోకాళ్ళ మీద కూర్చునే చోటి వాసన. మా తాత, మా నాన్న, మా అమ్మ తమ జీవితమంతా ఏ వాసన మధ్య బతికారో, సరిగ్గా దాన్నే సీసాలో పట్టి, నీలం లేబులు అంటించి, వచ్చిన పెద్దమనుషులందరి మీదా చల్లించాను.

అధికారి చాలా మర్యాదస్తుడు. జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకుంటున్నట్టుగా మొదలుపెట్టి, దాన్ని మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చి, అక్కడే ఉంచేశాడు. ఆయన్ని చూసి డాక్టరమ్మ కొంగు తీసుకుంది. ఆ తర్వాత వరస వెంట వరస. మావయ్య మైకు ముందు నిలబడి, మనల్ని చూసి ఎవరూ ఇక ముక్కు మూసుకోరని హిందీలో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ సభ వైపు చూసి మధ్యలో ఆగిపోయాడు. కాంట్రాక్టరు తన మున్షీ వైపు వంగి, ఇవాళే కడిగినట్టున్నారు అన్న మాట మైకుకు అందేంత గట్టిగా అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల్లో మా వాళ్ళ దాకా వచ్చి, వాళ్ళలో కూడా కొందరు తలలొంచుకుని నవ్వారు. నాకు అన్నిటికన్నా అదే గుచ్చుకుంది. మొత్తం సభలో ముక్కు దగ్గర చెయ్యి లేని మనిషి ఒక్కడే. మా నాన్న, తడిసిన చొక్కాతో, నా వైపు చూసి తల ఊపుతూ కూర్చున్నాడు.

నేను వేదిక దిగి ఇంటికి పరుగెత్తాను. నా నోటుపుస్తకం తీసుకుని చింపుతుంటే నాన్న వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, నా పక్కన కింద కూర్చున్నాడు. నేను ఆయన మీద అరవాలనుకున్నాను.

"అంత కంపు కొడుతుంటే బాగుందని ఎందుకన్నావు నాన్నా?"

ఆయన నేల వైపు చూశాడు.

"నాకు వాసన తెల్దమ్మా. శానా ఏళ్ళయిపోనాది. గోతిలో గేసు తగిలి పడిపోనానే, అప్పట్నుంచీ ఏదీ తెల్దు. అన్నం వాసనా తెల్దు."

"మరి ఆ అయిదోది తెలుస్తోందన్నావు?"

"అది ఒక్కటే ముక్కులో సల్లగా సురుక్కుమన్నాది. వాసన మళ్ళీ వత్తన్నాదేమో అనుకున్నాను."

నేను చించడం ఆపేశాను. ఆయన చింపిన కాగితాలు ఏరి ఒక దగ్గర పెట్టాడు. అమ్మకు తెలుసట. ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఆ పనికి ముక్కు లేకపోవడమే సుఖమని మొదట్లో సంతోషించాడట కూడా. మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు రోజూ అంత ఆశగా సీసా పట్టుకొస్తుంటే ఎలా చెప్పనమ్మా అన్నాడు. మాడిన కూరలూ, ఉప్పెక్కువైన పప్పులూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి నేనేం చూశానా అని నాకు నా చదువు మీద అసహ్యం వేసింది.

పండగ అలా ముగిసింది. వందలాది సీసాలు మా మంచం కింద అట్టపెట్టెల్లో మిగిలాయి. నాకు బస్తీలో ఫినాయిలు పాప అని పేరొచ్చింది (ఇప్పటికీ ఉంది). ఇది ఇంతటితో అయిపోతే దీన్ని హాస్యకథ అనేసి లేచిపోయేదాన్ని. కాని వానలు పట్టాయి. వానలు పట్టిన రెండో వారంలో ఆ బంతిపూల లారీ పైపు చిట్లింది. బాగు చేయడానికి వస్తువు ఎక్కడి నుంచో రావాలన్నారు. ఈలోగా కాలనీలో ఒక వీధి మొత్తం పొంగింది. మున్షీ పొద్దున్నే మా బస్తీకి వచ్చి, ఈ ఒక్కసారికే అన్నాడు. మావయ్య కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. మున్షీ దాన్ని ఓపికగా చదివి, ఇందులో మేము దింపం అని ఉంది, మీ అంతట మీరు దిగితే మాకేం అభ్యంతరం అని అడిగాడు. అలా తమంతట తామే దిగుతున్నామని రాసి ఉన్న ఇంకో కాగితం కూడా అతని దగ్గర సిద్ధంగా ఉంది. సంతకాల చోటు ఖాళీగా ఉంది. దిగనివాళ్ళు రేపటి నుంచి పనికి రానక్కర్లేదని అతను నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. మావయ్య నోటి నుంచి పాత మాటే వచ్చింది గాని, ఈసారి దాని వెనక అందరి గొంతులూ కలవలేదు. ముగ్గురు లేచారు. వాళ్ళల్లో నాన్న ఒకడు. కుర్రాళ్ళకు లోపలి సంగతి తెలీదు, నాకైతే అలవాటు అన్నాడు.

నేను కార్ఖానాకు బయల్దేరుతూ ఈ మాట విన్నాను. బీయస్సీలో ఎందుకూ పనికిరాదనుకున్న పాఠం ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఆ గోతుల్లో ఉండే వాయువు కొంచెంగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు తగిలితే మనిషి పైకి రావచ్చు. వాసనే తెలియనివాడికి పైకి రమ్మని చెప్పేదెవరు? నేను తెల్లకోటుతోనే ఆటో మాట్లాడుకుని ఆ వీధికి వెళ్ళాను. వాళ్ళింకా తాళ్ళు విప్పుతున్నారు. నేను తిన్నగా వెళ్ళి ఆ ఇనప మూత మీద మఠం వేసుకుని కూర్చున్నాను.

మున్షీ మొదట నవ్వాడు. తర్వాత లేవమన్నాడు. నేను లేవనన్నాను. వాన వెలిసి ఎండ చురచుర కాస్తోంది, మూత కాలుతోంది. క్వార్టర్ల ముందు నిలబడి కొంతమంది ఫోనులో ఫోటో తీసుకున్నారు. మెడలో బిళ్ళ చూసి ఎవరో నన్ను ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు అనుకుని వాళ్ళింటి పంపు సంగతి మొరపెట్టుకున్నారు (రేపు చూస్తానన్నాను). నాన్న సిగ్గుతో కుంచించుకుపోయి, అందరూ చూస్తున్నారు లెమ్మని మెల్లగా బతిమాలాడు.

"నీకు గ్యాసు తెలీదు నాన్నా. అందరికన్నా ముందు నువ్వే పోతావు. నువ్వు దిగితే నన్ను ఎత్తి అవతల పారేసి దిగు."

ఆయన చేతిలో తాడు కింద పెట్టి, వచ్చి ఆ మూత మీదే, మిగిలిన కాస్త చోటులో నాకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేను గెలిచాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇద్దరం రెండు గంటలపైనే అలా కూర్చున్నాం. మున్షీ కూడా అరవడం మానేశాడు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత గొప్పగా అనిపించిందంటే, అదెందుకు వచ్చిందో నేను తల తిప్పి చూడలేదు. చూసేసరికి, మాకు ముప్ఫై అడుగుల అవతల వీధి మలుపులో ఇంకో మూత తీసి ఉంది. మురుగు పైపుకు ఒకే మూత ఉండదన్న సంగతి మా నాన్నకు తెలుసు, మున్షీకి తెలుసు, కెమిస్టుకే తెలియలేదు. తక్కిన ఇద్దరూ అప్పటికే దిగి, పని ముగించి, మెడ దాకా నల్లగా పైకి వస్తున్నారు. ప్రాణాలతోనే వచ్చారు. ఇద్దరి మూతులకూ తువ్వాళ్ళు కట్టి ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే ఆ తువ్వాళ్ళ వాసన నా దాకా వచ్చింది. పైన్ ఆయిలూ, కర్పూరమూ.

వాళ్ళల్లో ఒకడు, నేను అన్నా అని పిలిచే పై వీధి అతను, కాలువ గట్టున చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచాడు. పండగనాడు పంచిన సీసాలో మిగిలింది గుడ్డ మీద పోసుకున్నాననీ, కాస్త నయంగా ఉందనీ, మీ ఇంట్లో ఉన్నవి ఇంకో పది ఇమ్మనీ అడిగాడు. ఇవ్వనన్నాను. సెంటు వాసన గ్యాసు వాసనను కప్పేస్తుందనీ, అది ప్రమాదమనీ, గ్యాసు తెలిస్తేనే పైకి రాగలరనీ వివరంగా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"తెలిత్తే మాత్రం పని అవకుండా పైకి రానిత్తారేటి సెల్లీ?" అన్నాడు.

ఆ సాయంత్రం అతనికి ఒక అట్టపెట్టె మొత్తం ఇచ్చేశాను. ఏడాది తిరిగేసరికి మంచం కింద ఒక్క సీసా మిగల్లేదు. నేను చేసిన సెంటుకు దొరికిన ఆదరణ అదొక్కటే.

నాన్న ఆ తర్వాత ఎక్కువ కాలం ఆ పనిలో లేడు, ఊపిరితిత్తులే మానిపించాయి. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. కూర బాగుందా అని అమ్మ అడగదు, ఆయన చెప్పడు. లారీ బాగయింది, మళ్ళీ పాడయింది, మళ్ళీ బాగయింది. అది పాడైనప్పుడల్లా ఈ ఒక్కసారికే అనే మాట మా బస్తీకి వస్తూనే ఉంది. మావయ్య ఆ కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకు పెట్టుకున్నాడు. నేను ఫినాయిలు వదిలేసి టెల్కో కాలనీలో ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఏటా ఆ వాయువు పాఠం వస్తుంది. పిల్లలు కుళ్ళిన గుడ్డు అనగానే ముక్కులు పట్టుకుని నవ్వుతారు. నేను బోర్డు వైపు తిరిగి కాసేపు ఏదో రాస్తున్నట్టు నటిస్తాను.

అప్పుడు ఆ పిల్ల కనిపిస్తుంది నాకు. తెల్లకోటు, మెడలో బిళ్ళ, కాలుతున్న ఇనప మూత మీద మఠం వేసుకుని, ఊళ్ళో మురుగంతా తన కింద బిగబట్టి ఆపేశానని నమ్ముతూ, నిటారుగా కూర్చున్న పిల్ల. నవ్వొస్తుంది. ముప్ఫై అడుగుల అవతల ఇంకోటి తెరిచారే, తల తిప్పి చూడవే అని చెప్పాలనిపిస్తుంది గాని, నోరు రాదు. తల తిప్పితే అది లేచి అటు పరుగెత్తుతుంది. ఇంకాసేపు అలాగే కూర్చోనీ. ఆ కాసేపూ నాన్న నేల మీదే ఉన్నాడు.